ఇరవై మూడో సెక్షన్ దగ్గర ఆగిన మా మేనల్లుడు

గత సంవత్సరం మార్చి నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా మేనల్లుడు లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తయి, ఉత్తర వర్జీనియాలో అమెరికా రక్షణ శాఖ పనులు చేసే ఒక కాంట్రాక్టు సంస్థలో ఉద్యోగం వచ్చింది. అయితే సీక్రెట్ స్థాయి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి, వస్తేనే ఆ ఉద్యోగం నిలుస్తుంది. క్లియరెన్స్ కోసం నింపవలసిన ఎస్‌ఎఫ్-86 అనే ఫారంలో ఇరవై రెండు సెక్షన్లు పూర్తి చేసి మాదకద్రవ్యాల గురించి అడిగే ఇరవై మూడో సెక్షన్ దగ్గర ఆగిపోయాడు. "మామయ్యా, కాలేజీలో ఉన్నప్పుడు నాలుగైదు సార్లు వీడ్ (గంజాయి) తీసుకున్నాను. నాన్నేమో లేదని పెట్టెయ్యమంటున్నారు. ఏం రాయమంటారు?" అని తల వంచుకుని అడిగాడు.

నాకు క్లియరెన్స్ వచ్చి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో ఇదే ప్రశ్నను తెలిసినవాళ్లు, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు ఎంతమంది గొంతు తగ్గించి అడిగారో లెక్క లేదు. నలుగురిలో అడిగితే పిల్లవాడి పరువు పోతుందన్న భయంతో చాలామంది ఎవరినీ అడగకుండానే ఫారం నింపేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. అందుకే ఈ విషయం వివరంగా రాయాలనుకున్నాను. నేను న్యాయవాదిని కాను. నిబంధనలు చదివి, తోటివాళ్ల అనుభవాలు దగ్గరుండి చూసి తెలుసుకున్నది మాత్రమే చెబుతున్నాను.

ముందుగా చాలామందిని తికమక పెట్టే విషయం. మేము ఉండే ప్రాంతంలో గంజాయి ఇప్పుడు రహస్యమేమీ కాదు. వాషింగ్టన్ నగరంలో 2015 ఫిబ్రవరి నుంచీ, వర్జీనియాలో 2021 జులై 1 నుంచీ, మేరీలాండ్‌లో 2023 జులై 1 నుంచీ ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారు కొద్ది పరిమాణంలో దగ్గర ఉంచుకోవడం ఆయా స్థానిక చట్టాల ప్రకారం నేరం కాదు. మేరీలాండ్‌లో గుర్తింపు కార్డు చూపించి, డబ్బు కట్టి, రసీదు తీసుకుని బయటికి వచ్చే దుకాణాలున్నాయి. ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్లవాడికి అది నేరమని అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ క్లియరెన్స్ ఇచ్చేది రాష్ట్రం కాదు, ఫెడరల్ ప్రభుత్వం. 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం గంజాయిని అత్యంత కఠినమైన షెడ్యూల్ 1 జాబితాలో పెట్టింది. 2014లో నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్‌గా, అంటే అమెరికా గూఢచార సంస్థల పైఅధికారిగా ఉన్న జేమ్స్ క్లాపర్ అన్ని ఏజెన్సీలకూ రాసిన ఉత్తరంలో, రాష్ట్రాలు చట్టాలు మార్చుకున్నంత మాత్రాన క్లియరెన్స్ నిబంధనలేవీ మారలేదని స్పష్టం చేశారు. ఇరవై మూడో సెక్షన్ మొదట్లోనే, రాష్ట్ర చట్టం అనుమతించినా సరే ఈ ప్రశ్నలకు ఫెడరల్ చట్టం ప్రకారమే జవాబివ్వాలన్న మాట అచ్చువేసి ఉంటుంది. తొందరలో ఉన్నవాళ్లు ఆ వాక్యం చదవకుండా కిందికి దిగిపోతారు.

మా మేనల్లుడు చేసినదీ అదే. అంతకుముందు మే నెలలో పట్టా పుచ్చుకున్న సంతోషంలో స్నేహితులతో డెన్వర్ వెళ్లి, అక్కడ లైసెన్సున్న దుకాణంలో గమ్మీలు, అంటే గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిలు కొని, రెండు తిన్నాడట. దాన్ని తన లెక్కలో అసలు చేర్చుకోనే లేదు. "అక్కడ లీగల్ కదా మామయ్యా, దుకాణంలోనే కొన్నాం" అన్నాడు. ఆ గమ్మీలే అతని చివరి వాడకం. అంటే మూడేళ్ల క్రితం హాస్టల్ గదిలో అనుకున్న తేదీ కాస్తా పది నెలల క్రితానికి జరిగింది. పైగా అక్కడ ఇంకొక మెలిక ఉంది. వాడకం గురించి ఒక ప్రశ్న అడిగితే, కొనడం, పెంచడం, అమ్మడం, చేతులు మార్చడం గురించి ఫారం విడిగా మరొక ప్రశ్న అడుగుతుంది. వాడానని ఒప్పుకున్నవాళ్లు కూడా ఈ రెండో ప్రశ్నకు అలవాటుగా "లేదు" అని పెడుతుంటారు, ఎందుకంటే అది గంజాయి వ్యాపారం చేసేవాళ్ల కోసమని అనుకుంటారు. సొంతానికి కొనుక్కున్నా అది కొనుగోలే. తరువాత క్లియరెన్స్ కోసం విచారించే ఇన్వెస్టిగేటర్ ఎదుట కూర్చుని "ఎక్కడిది?" అన్న మొదటి ప్రశ్నకే "కొన్నాను" అని చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ "లేదు" అన్న జవాబు నిష్కారణంగా అనుమానానికి దారితీస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆ ఒక్క సెక్షన్ మీదే మేము రెండు గంటలు కూర్చున్నాం. సాధారణంగా అడిగేది గడిచిన ఏడు సంవత్సరాల సంగతి. మొదటిసారి ఏ నెలలో, ఏ సంవత్సరంలో వాడారు, చివరిసారి ఎప్పుడు, మొత్తం మీద ఎన్నిసార్లు, ఏ సందర్భాల్లో అన్నవి వరుసగా అడుగుతుంది. తేదీ ఖచ్చితంగా గుర్తులేకపోతే అంచనా అని టిక్కు పెట్టడానికి పక్కనే చిన్న గడి ఉంటుంది. అతను ఫోన్‌లో పాత ఫోటోలు వెనక్కి జరుపుకుంటూ, ఫలానా పుట్టినరోజు పార్టీ, ఫలానా సెమిస్టర్ చివరి వారం అని గుర్తు తెచ్చుకుంటూ ఒక్కొక్క నెలా కాగితం మీద రాశాడు. నాలుగైదు అనుకున్నవి ఏడు తేలాయి. ఏడనే రాశాడు. తక్కువ చేసి చెప్పాలనే కోరిక మనిషికి సహజం. కానీ ఫారంలో నాలుగు, మాటల్లో ఏడు అయితే, ఆ మూడింటి తేడా ఏడింటికంటే బరువవుతుంది.

ఏడేళ్ల పరిమితి వర్తించని ప్రశ్నలు కూడా ఆ సెక్షన్‌లో ఉన్నాయి. క్లియరెన్స్ చేతిలో ఉండగా ఎప్పుడైనా వాడారా, పోలీసు ఉద్యోగంలోనో ప్రాసిక్యూటర్‌గానో ప్రజల భద్రతతో నేరుగా ముడిపడిన పనిలోనో ఉండగా ఎప్పుడైనా వాడారా అని అడుగుతారు. ఈ "ఎప్పుడైనా" అన్న మాటకు గడువు లేదు, ఇరవై ఏళ్ల కిందటిదైనా చెప్పవలసిందే.

తరువాత వచ్చిన ప్రశ్న దగ్గర అతను చాలాసేపు ఆలోచించాడు. "భవిష్యత్తులో ఈ పదార్థాన్ని వాడే ఉద్దేశం ఉందా? ఎందుకు ఉంది, లేదా ఎందుకు లేదు?" అని అడిగి, వివరించడానికి చోటిస్తుంది ఫారం. "ఫెడరల్ ప్రభుత్వం కూడా లీగల్ చేస్తే చూస్తాను" అని మొదట టైపు చేశాడు. అది చెరిపేయమని నేను చెప్పలేదు. ముందు నిజంగా మానెయ్యదలచుకున్నావా లేదా అది తేల్చుకో అన్నాను. మానే ఉద్దేశం లేకపోతే ఈ ఉద్యోగం వద్దు, బయట వేరే మంచి ఉద్యోగాలున్నాయి, ఇందులో చేరి ప్రతిరోజూ భయపడుతూ బతకనవసరం లేదు అన్నాను. వాడకం కొనసాగిస్తానన్న ఉద్దేశం వ్యక్తం చేయడం, లేదా మానేస్తానని స్పష్టంగా, నమ్మకం కలిగేలా చెప్పలేకపోవడం నిబంధనల్లో విడిగా ఒక అనర్హతగా రాసి ఉంది. అతను వెనక గదిలోకి వెళ్లి కాసేపు ఒంటరిగా కూర్చుని వచ్చి, వాడే ఉద్దేశం లేదనీ, ఆ స్నేహితుల గదికి వెళ్లడం డిగ్రీతోనే ఆగిపోయిందనీ, ఈ పనికి అది సరిపడదని తెలిసే మానేశాననీ రాశాడు. ఆ మాటలు అతని సొంతం. నేను ఒక అక్షరం కూడా దిద్దలేదు.

ఇంతకీ ఈ నిబంధనలు ఎక్కడున్నాయంటే, 2017 జూన్ 8 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ భద్రతా నిర్ణయ మార్గదర్శకాల్లో ఉన్నాయి. ఎ నుంచి ఎమ్ వరకు మొత్తం పదమూడు మార్గదర్శకాలుంటాయి. విదేశీ సంబంధాలు, అప్పులు, మద్యం, నేరప్రవర్తన, ఇలా ఒక్కొక్క దానికి ఒక్కొక్క అక్షరం. మాదకద్రవ్యాలకు సంబంధించినది హెచ్. వ్యక్తిగత ప్రవర్తన, అంటే నిజాయితీకి సంబంధించినది ఇ. నేను చదివిన కేసులన్నిటిలో మనుషులను ఎక్కువగా ముంచినది ఒంటరిగా వచ్చిన హెచ్ కాదు, దాని చేయి పట్టుకుని వచ్చిన ఇ.

హెచ్ మార్గదర్శకం అసలు ఎందుకు ఆందోళన పడుతోందో అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. మత్తులో ఉన్న మనిషి వివేచన కోల్పోతాడన్నది ఒక కారణం. రెండో కారణం నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది: చట్టాన్నీ నియమాలనూ పాటించే శక్తీ ఇష్టమూ ఈ మనిషికి ఉన్నాయా అన్న సందేహం. రహస్య పత్రాలను కాపాడే నియమాల్లో విసుగు పుట్టించేవి, అర్థంలేనివిగా అనిపించేవి చాలా ఉంటాయి. ఈ నియమం నాకు నచ్చలేదు కనుక పాటించను అనేవాడి చేతిలో ఆ పత్రాలు పెట్టగలమా అని ప్రభుత్వం అడుగుతోంది. అందువల్ల "గంజాయి మద్యం కంటే నయం" అని ఎంత చక్కగా వాదించినా అక్కడ పనికిరాదు.

అదే మార్గదర్శకం తలుపు తెరిచి కూడా ఉంచింది. ఆ వాడకం చాలాకాలం కిందటిదైనా, అరుదుగా జరిగినా, మళ్లీ జరిగే అవకాశం లేని పరిస్థితుల్లో జరిగినా దాన్ని క్షమించదగినదిగా చూడవచ్చు. జరిగినది ఒప్పుకుని, మానేసి, వాడే స్నేహితులకూ ఆ వాతావరణానికీ దూరమై, ఇకముందు ఎప్పుడైనా వాడితే క్లియరెన్స్ రద్దు చేయవచ్చునని సంతకం చేసి ఇచ్చినా అది అనుకూలంగా లెక్కకు వస్తుంది. అన్నిటికీ మించి మొత్తం మనిషిని చూడాలన్నది సూత్రం: అప్పటి వయసు, పరిపక్వత, ఎంత తరచుగా వాడాడు, ఎంతకాలమైంది, తనంతట తాను చేశాడా, ఇప్పుడు ఎలా బతుకుతున్నాడు అన్నవన్నీ కలిపి తూచుతారు. 2021 డిసెంబరులో అప్పటి నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఏవ్రిల్ హెయిన్స్ జారీ చేసిన వివరణలో, గతంలో సరదాకు గంజాయి వాడటం పరిగణనలోకి వచ్చే అంశమే గాని, దాని ఒక్కదాని మీదే నిర్ణయం తేలదని రాశారు. నా తోటివాళ్లలో ఎందరో ఆ వాక్యం చదివి ఊపిరి పీల్చుకున్నారు.

ఎంతకాలం మానేసి ఉండాలి అని అందరూ అడుగుతారు. హెచ్ మార్గదర్శకంలో అంకె లేదు. ఎఫ్‌బీఐ తన ఉద్యోగ నియామకాలకు మాత్రం ఒక గీత గీసుకుంది. అంతకుముందు మూడేళ్లుగా ఉన్న గడువును 2021లో దరఖాస్తుకు ముందు ఒక సంవత్సరానికి తగ్గించింది. అది ఆ సంస్థ నియామక నియమం, క్లియరెన్స్ నియమం కాదు. రెండూ కలిపేసి "సంవత్సరం దాటితే చాలు" అని చెప్పుకోవడం పొరపాటు. పదేళ్లపాటు వారానికి నాలుగు రోజులు వాడినవాడికి సంవత్సరం తక్కువ కావచ్చు. పందొమ్మిదేళ్ల వయసులో రెండుసార్లు రుచి చూసినవాడికి అది చాలా ఎక్కువ కావచ్చు.

అంకె లేకపోయినా, ఒక తేదీ మాత్రం ఉంది. ఎస్‌ఎఫ్-86 చివర ధృవీకరణ కింద సంతకం పెట్టిన తేదీ. భద్రతా పరిశీలన ఆ సంతకంతోనే మొదలవుతుందనీ, అక్కడి నుంచి గంజాయి జోలికి పోవద్దని అభ్యర్థులకు ముందే చెప్పమనీ హెయిన్స్ వివరణ ఏజెన్సీలను ప్రోత్సహించింది. సంతకానికి ముందు జరిగినది కుర్రతనంగా చూడబడవచ్చు. ఆ తరువాత జరిగినది తెలిసి చేసిన పనిగా చూడబడుతుంది. క్లియరెన్స్ చేతికి వచ్చాక వాడటం ఇంకా ఘోరం. దానికి మార్గదర్శకంలో విడిగా ఒక అనర్హత నిబంధనే ఉంది. ఇక వాడకం ఇప్పటికీ సాగుతూ ఉంటే తూకానికి తావే లేదు. మిస్సోరి సెనేటర్ కిట్ బాండ్ పేరు మీద బాండ్ సవరణ అని పిలుచుకునే 2008 నాటి చట్టం, ప్రస్తుతం అక్రమంగా మాదకద్రవ్యాలు వాడుతున్న వ్యక్తికి క్లియరెన్స్ ఇవ్వరాదని, ఉన్నదాన్ని పునరుద్ధరించరాదని నేరుగా శాసించింది.

ఇప్పుడు బావగారి సలహా సంగతి. ఆయన చెడ్డవారు కారు. కొడుకు ఉద్యోగం పోకూడదన్న ఆరాటమే ఆయనది. "ఎవరు చూశారు? నాలుగు గోడల మధ్య జరిగింది, కేసు లేదు, పోలీసు లేడు" అన్నారు ఫోనులో. తల్లిదండ్రులు దాదాపు అందరూ అనే మాట ఇదే. ఆయనకు నేను ఇంకొక కుటుంబంలో జరిగినది చెప్పాను, ఇక్కడా చెబుతాను, గుర్తుపట్టే వివరాలేవీ లేకుండా.

ఆ అబ్బాయి ఇరవై ఏళ్లప్పుడు ఒక వేసవి ఇంటర్న్‌షిప్ కోసం ఇదే ఫారం నింపాడు. అప్పటికి కాలేజీలో కొన్నిసార్లు వాడి ఉన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన మీదట "లేదు" అని టిక్కు పెట్టాడు. క్లియరెన్స్ వచ్చింది. తరువాత రెండుసార్లు, ఒకసారి స్నేహితుడి పెళ్లిలో, ఇంకొకసారి కొత్త సంవత్సరం రాత్రి, మళ్లీ వాడాడు. ఇరవై నాలుగేళ్లప్పుడు మంచి ప్రాజెక్టు వచ్చి, ఇంకా పై స్థాయి అయిన టాప్ సీక్రెట్ క్లియరెన్స్‌కు దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది. ఈసారి పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్ర పరీక్ష) కూడా ఉంటుందని భయపడి నిజం రాశాడు. పాత ఫారం పారేసే కాగితం కాదు, అది ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంటుంది. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టగానే ఒక్క తప్పు మూడయ్యింది: వాడకం, క్లియరెన్స్ ఉండగా వాడకం, పాత ఫారంలో అబద్ధం. క్లియరెన్స్ ఎందుకు ఉండకూడదో చెబుతూ ప్రభుత్వం నుంచి కారణాల పత్రం వచ్చింది. దానికి ఇరవై రోజుల్లో పేరా పేరాకూ ఒప్పుకుంటున్నానో కాదంటున్నానో రాతపూర్వకంగా జవాబివ్వాలి. విచారణ జరిగింది. "మీరు ఆ గడిలో టిక్కు పెట్టినప్పుడు అది అబద్ధమని మీకు తెలుసా?" అని న్యాయాధికారి అడిగితే, తెలుసునని చెప్పాడు. ఇంట్లోవాళ్లు చెప్పారని చెప్పుకోవడం వల్ల అతనికి ఏమీ కలిసిరాలేదు, ఎందుకంటే సంతకం అతనిది. క్లియరెన్స్ పోయింది, దానితో ఉద్యోగమూ పోయింది. ఇరవై ఏళ్లప్పుడే "అవును" అని రాసి ఉంటే ఇంటర్న్‌షిప్ కొంత ఆలస్యమయ్యేదేమో. ఈ గతి పట్టేది కాదు. ఆ తండ్రి ఇప్పటికీ ఆ మాట తలచుకుని బాధపడుతూనే ఉంటారు.

ఈ ఫారంలో తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం, ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. దీనికి విరుగుడుగా అదే సెక్షన్‌లో ఒక హామీ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: మాదకద్రవ్యాల వాడకం గురించి మీరు నిజాయితీగా ఇచ్చిన జవాబులను, వాటి ఆధారంగా దొరికిన సమాచారాన్ని మీ మీద క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని. అంటే నిజం చెప్పినందుకు జైలుకు పంపరు, అబద్ధం చెప్పినందుకు పంపవచ్చు. ఒకవేళ ఇప్పటికే తప్పు రాసి ఉంటే, అవతలివాళ్లు బయటపెట్టకముందే మనంతట మనం త్వరగా వెళ్లి సరిదిద్దుకోవడాన్ని ఇ మార్గదర్శకం అనుకూలాంశంగా గుర్తిస్తుంది. ఇన్వెస్టిగేటర్ ఆధారం చూపించాక ఒప్పుకుంటే ఆ వెసులుబాటు ఉండదు.

క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదు. నేవీ శాఖ, ఈగన్ అనే ఉద్యోగి మధ్య నడిచిన కేసులో 1988లో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. జాతీయ ప్రయోజనానికి స్పష్టంగా అనుకూలమని అనిపిస్తేనే ఇస్తారు, సందేహం మిగిలితే అది ప్రభుత్వం వైపే మొగ్గుతుంది. ఈగన్ మీద వచ్చిన అభ్యంతరాల్లో కూడా ఒకటి, పాత శిక్షలను ఉద్యోగ దరఖాస్తులో చెప్పకుండా దాచడం. కాంట్రాక్టు ఉద్యోగుల కేసులు విచారించే రక్షణ శాఖ విచారణల, అప్పీళ్ల కార్యాలయం తన తీర్పులను పేర్లు తీసేసి ప్రచురిస్తుంది. సందేహమున్నవారు పది తీర్పులు చదివితే చాలు, వాడి మానేసినవాళ్లకూ దాచినవాళ్లకూ మధ్య తేడా కళ్లకు కడుతుంది. తిరస్కరణ తుది నిర్ణయమయ్యాక మళ్లీ ప్రయత్నించాలంటే సంవత్సరం ఆగాలి.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా వర్తించే ఒక సంగతి ఉంది. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకూ, సిటిజన్‌షిప్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకూ గంజాయి ప్రమాదం క్లియరెన్స్‌తో మొదలు కాదు, ఇమిగ్రేషన్‌తోనే మొదలవుతుంది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన పనులు సిటిజన్‌షిప్‌కు కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చునని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో విధానంగానే ప్రకటించింది. శిక్ష పడకపోయినా, తాను చేశానని ఒప్పుకోవడమే వలసదారుకు ఇబ్బంది కలిగించగలదు. క్లియరెన్స్ సాధారణంగా అమెరికా పౌరులకే ఇస్తారు కనుక, సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాదికే ఎస్‌ఎఫ్-86 నింపేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఇచ్చిన జవాబులకూ ఈ ఫారంలో ఇచ్చే జవాబులకూ పొంతన కుదరకపోతే ఆ చిక్కు చాలా పెద్దది. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు స్నేహితుల సలహా, నా సలహాతో సహా, పక్కనబెట్టి ఇమిగ్రేషన్ చట్టమూ క్లియరెన్స్ చట్టమూ రెండూ తెలిసిన న్యాయవాదిని ఫారం ముట్టుకోకముందే కలవాలి. కొన్ని వందల డాలర్లు ఖర్చయినా వెనకాడవద్దు.

ఇంకా కొన్ని తరచుగా వచ్చే సందేహాలున్నాయి. డాక్టరు ఇచ్చిన మెడికల్ కార్డు ఉంటే ఫరవాలేదనుకుంటారు. ఆ కార్డు రాష్ట్రానికి చెల్లుతుంది గాని ఫెడరల్ చట్టం దాన్ని ప్రిస్క్రిప్షన్‌గా ఒప్పుకోదు. మోకాళ్ల నొప్పికీ నిద్రకూ వాడే సీబీడీ నూనెల (గంజాయి జాతి మొక్క నుంచి తీసేవి) విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2018 వ్యవసాయ చట్టం, మత్తు కలిగించే డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించని గంజాయి జాతి మొక్కను (హెంప్) నిషేధం నుంచి తప్పించింది. అయితే సీసా మీద రాసిన అంకెను ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ధృవీకరించదు, లోపల అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు. మూత్ర పరీక్షలో గంజాయి ఆనవాలు కనబడితే "నేను తాగింది సీబీడీయే" అనే జవాబు నిలబడదు. మా అక్క మోకాలికి రాసుకునే సీసా ఒకటి వాళ్ల బాత్రూం అలమరలో ఉండేది. ఈ విషయం తెలిసిన రోజునే తీసి పారేసింది. షేర్ల సంగతి కూడా హెయిన్స్ వివరణలో ఉంది: గంజాయి పండించే, అమ్మే కంపెనీల షేర్లు తెలిసి నేరుగా కొనడం వివేకం మీద సందేహానికి తావిస్తుంది. ఎన్నో కంపెనీలు కలిసిన మ్యూచువల్ ఫండ్‌లో ఒకటి అలాంటిదైతే అది వేరు సంగతి.

షెడ్యూలు మారిపోతోందట కదా అని 2024 మే నుంచీ అడుగుతున్నారు. గంజాయిని అంత కఠినం కాని షెడ్యూల్ 3కి మార్చాలని న్యాయశాఖ అప్పుడు ప్రతిపాదించింది. ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: షెడ్యూల్ 3లోని మందులను కూడా ప్రిస్క్రిప్షన్ లేకుండా వాడటం చట్టవిరుద్ధమే. షెడ్యూలు అంకె మారినంత మాత్రాన దుకాణంలో కొన్న గమ్మీ డాక్టరు రాసిచ్చిన మందుగా మారిపోదు.

మా మేనల్లుడికి తాత్కాలిక క్లియరెన్స్ రాలేదు. ఆ సంస్థ మర్యాదగానే ప్రవర్తించి, రహస్యం కాని పని అప్పగించింది. మే నెలాఖరులో ఇన్వెస్టిగేటర్ వచ్చి, గుర్తింపు పత్రం చూపించి, గంటసేపు మాట్లాడాడట. ఎవరితో కలిసి వాడావు, వాళ్లు ఇప్పుడూ వాడుతున్నారా, వాళ్లను ఇంకా కలుస్తున్నావా, గది పంచుకునేవాడు వాడితే ఏం చేస్తావు అని అడిగాడట. ఫారంలో పేరిచ్చిన ఒక స్నేహితుడితో కూడా మాట్లాడారు. ఆ స్నేహితుడు డెన్వర్ ప్రయాణం గురించి చెప్పాడని తరువాత తెలిసింది. ఆ ప్రయాణం ఫారంలో లేకుండా ఉంటే ఏమయ్యేదో బావగారికి నేను వేరే చెప్పవలసిన అవసరం రాలేదు. నవంబరులో క్లియరెన్స్ మంజూరైంది.

అది ఒకసారి వచ్చి ఉండిపోయేది కూడా కాదు. రక్షణ శాఖ క్లియరెన్సులన్నీ 2021 అక్టోబరు నుంచి నిరంతర పరిశీలనలో ఉన్నాయి; అరెస్టయినా అప్పుల్లో పడినా వ్యవస్థకు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. అతను ఇప్పుడు ఎవరింట్లో విందుకు వెళ్లినా, కేకుల్లో బ్రౌనీల్లో ఏం కలిపారో ముందు అడిగి తింటాడు. మొదట్లో స్నేహితులు నవ్వారట, ఇప్పుడు వాళ్లే ముందుగా చెబుతున్నారట.

మా పక్క వీధిలో ఉండే ఒక అమ్మాయికి ఈ మధ్యే అలాంటి ఉద్యోగం వచ్చింది. వచ్చే శనివారం తన ఫారంతో మా ఇంటికి వస్తానంది. లాప్‌టాప్ తెరవకముందు, ఒక తెల్ల కాగితం మీద నెలలూ సంవత్సరాలూ గుర్తున్నంతవరకు రాసుకుని, అమ్మానాన్నలను కూడా వెంట తీసుకుని రమ్మని చెప్పాను.